‘కూర్చోను’ అనే బటన్

కోరుట్ల
అక్టోబర్ 28

అరేయ్ నర్సింగ్,

నువ్వు ఫోన్ ఎత్తవు. మెసేజ్ పెడితే చూడవు. అందుకని పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను. కౌంటర్‌లో ఉన్న పిల్ల "స్పీడ్ పోస్టా సార్, పార్సిలా?" అని అడిగింది. "ఉత్తరం బిడ్డా" అంటే నన్ను కిందికీ మీదికీ చూసింది. యాభై ఏడేళ్ల వయసులో ప్రేమలేఖ రాస్తూ దొరికిపోయినట్టయింది. అదీ నీలాంటి మొహానికి.

విషయం చెప్తాను. నీ చంద్రకళ, మా భాభీ పోయి పది నెలలు కావస్తోంది. మా బడిలో ఆమె చోటికి ఇంకా ఎవరూ రాలేదు. ఇన్‌చార్జి హెడ్మాస్టర్‌ను కదా, పదో తరగతి భౌతికశాస్త్రం నా నెత్తిన పడింది. నేను సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. మొఘలుల గురించి అడిగితే గంటసేపు చెప్తాను. ఓం నియమం అడిగితే నీళ్లు నములుతాను.

అయినా పిల్లలు చదువుతున్నారు. భాభీ తయారుచేసి పెట్టిన పేజీలతో చదువుతున్నారు. నువ్వు ఎప్పుడూ చూసి ఉండవు కాబట్టి రాస్తున్నాను. ఒక వెబ్‌సైట్‌లో పాఠం పాఠానికీ బొమ్మలు పెట్టింది. బొమ్మలు కదులుతాయి. కటకాన్ని వేలితో జరిపితే ప్రతిబింబం కూడా జరుగుతుంది. దాని కింద ఒక ప్రశ్న, నాలుగు జవాబులు. సరైనది నొక్కితే "సరే" అని వస్తుంది, అంతే. తప్పు నొక్కితేనే అసలు పాఠం మొదలవుతుంది. ఆ తప్పు చేసిన పిల్ల ఏమనుకుని చేసి ఉంటుందో ఊహించి, దానికి తగిన మాట రాసిపెట్టింది. ఒక్కో తప్పుకు ఒక్కో మాట. ఇరవై ఏళ్లు దిద్దిన పేపర్లలోంచి తప్పులు ఏరుకొచ్చానని ఒకసారి నాతో అన్నది.

మొన్న సోమవారం ఆ పేజీల మీద పసుపుపచ్చని పట్టీ ఒకటి వచ్చింది. సొంతదారు చాలా కాలంగా లాగిన్ కాలేదట. డిసెంబర్ 20లోగా కాకపోతే అన్నీ తీసేస్తారట. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. మా ఇంగ్లీషు టీచర్ యాస్మీన్ చూసి, "పాస్‌వర్డ్ మర్చిపోయినమని కొడితే మేడం ఫోన్‌కు కోడ్ అస్తది సార్. గా ఫోన్ ఎవరి దగ్గరుందో తెలుసుకోండ్రి, చాలు" అన్నది.

ఫోన్ నీ దగ్గరే ఉందా? నలభై ఒక్క మంది ఆడపిల్లలు. మార్చిలో పరీక్ష. వాళ్లకు సైన్సు టీచర్ అంటే ఇప్పుడు ఆ పేజీలే.

ఫక్రుద్దీన్


సిరిసిల్ల
నవంబర్ 3

ఫక్రు,

ఉత్తరం అందింది.

చంద్రకళ ఫోన్ పనిచేయదు. పదకొండో రోజు ఆమె వస్తువులు పంచేశాం. మా వదిన రాజలక్ష్మి దగ్గరుండి ఆ పని చూసింది. ల్యాప్‌టాప్ జగిత్యాల ఇంట్లో ఉంది. ఇంటికి తాళం వేశాను. సెలవులకూ పోవడం లేదు. ఇక్కడ బడి దగ్గర గది ఉంది, నాకు చాలు.

పాఠ్యపుస్తకం ఉంది. బోర్డు ఉంది. సుద్దముక్క ఉంది. మనం వాటితో చదువుకున్నాం. ముప్పై ఏళ్లుగా నేను వాటితోనే చెప్తున్నాను. నా బడిలో ఎవరూ ఫెయిల్ కాలేదు.

కాంతి, విద్యుత్తు పాఠాలకు నా నోట్సు పంపుతున్నాను. సరైన జవాబులన్నీ ఉన్నాయి. జిరాక్స్ తీయించి పంచు.

పేజీలు పోతే పోనీ.

నర్సింగ్ రావు


కోరుట్ల
నవంబర్ 11

నర్సింగ్ రావు గారికి,

గారు అని ఎందుకన్నానో అర్థమైందనుకుంటాను. కోపం వచ్చింది.

నీ నోట్సు అందింది. చేతిరాత ఇప్పటికీ ముత్యాల్లాగే ఉంది. జిరాక్స్ తీయించి పంచాను కూడా. మెహ్రీన్ అని ఒక పిల్ల ఉంది. మెట్‌పల్లి రోడ్డులో కుట్టుమిషన్లు బాగుచేసే అతని బిడ్డ. అన్నిటికీ ఎదురుప్రశ్న వేస్తుంది. నీ నోట్సు మొత్తం తిరగేసి, "సార్, ఇండ్ల అన్ని కరెక్టే ఉన్నయ్. మరి మేం యాడ తప్పు పోతున్నమో ఎట్ల తెలుస్తది?" అన్నది. నేను టోపీ సర్దుకున్నాను.

పేజీలు పోతాయని పిల్లలకు చెప్పాల్సి వచ్చింది. ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. నోటుపుస్తకాలు తీశారు. పోయేలోపు అన్నీ రాసుకుంటారట. కానీ అందులో ఒక చిక్కుంది. తప్పు నొక్కితే తప్ప భాభీ రాసిన మాట బయటికి రాదు. అందుకని ఇప్పుడు మా కంప్యూటర్ గదిలో ఏం జరుగుతోందో తెలుసా? పనిచేసే తొమ్మిది కంప్యూటర్ల ముందు నలభై ఒక్క మంది కూర్చుని, పట్టుబట్టి తప్పు జవాబులు చెప్తున్నారు. క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్ల నిన్న పొరపాటున సరైన జవాబు నొక్కింది. పక్కన ఉన్న పిల్ల నెత్తి మీద ఒక్కటిచ్చింది. "నీకు సోయి ఉందానె? కరెక్టు కొడ్తవేంది, టైం వేస్ట్!" అని. నా సర్వీసులో ఇట్లాంటి తిట్టు వినలేదు.

అట్లా రాసుకున్నా లాభం లేదు. కదిలే బొమ్మ నోటుపుస్తకంలో కదలదు కదా. ఆ సంగతి వాళ్లకూ తెలుసు. అయినా రాస్తున్నారు.

నర్సింగ్, ఆ పేజీలలో ఇంకొక సంగతి ఉంది. అది నీకు రాయాలో వద్దో తేల్చుకోలేక ఈ ఉత్తరం రెండు రోజులు జేబులో తిప్పాను. రాయడం లేదు. నువ్వే తెరిచి చూసుకో.

జగిత్యాలకు ఒక్కసారి పోయి రా. ఆమె నంబరు మీద కొత్త సిమ్ అయినా తీసుకోవచ్చంటున్నది యాస్మీన్.

ఫక్రు


సిరిసిల్ల
నవంబర్ 19

ఫక్రు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పు చెప్పడానికి పోటీ పడే పిల్లలను ఊహించలేకపోయాను.

మరుసటి రోజు నా పదో తరగతిలో ఒక ప్రశ్న అడిగాను. రెండు ఒకే రకం బల్బులు. ఒకదాని తర్వాత ఒకటి శ్రేణిలో కలిపాం. ఏది ఎక్కువ వెలుగుతుంది?

ఎవరూ మాట్లాడలేదు. అది మామూలే. నా తరగతిలో తెలిసినవాళ్లే చేయెత్తుతారు. ఈసారి, "తప్పయినా పర్వాలేదు, చెప్పండి" అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరి బెంచీలోంచి సాగర్ లేచి, "సార్, మీకు పానం మంచిగనే ఉందా?" అని అడిగాడు. ఎగతాళికి కాదు. నిజంగానే అడిగాడు.

చాలాసేపటికి ప్రణీత లేచింది. తండ్రి మరమగ్గాల షెడ్డులో పని చేస్తాడు. ఇక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. "మొదటి బల్బే ఎక్కువ వెల్గుతది సార్. మా షెడ్డుల గట్లనే. ముందటి సాంచలు కరెంటు మొత్తం తినేస్తయ్. గందుకే చివరి సాంచ మెల్లగ నడుస్తది" అన్నది.

నేను ఎప్పుడూ అనే మాటే అన్నాను. "తప్పు. కూర్చో."

కూర్చుంది. తల దించుకుంది. నేను బోర్డు వైపు తిరిగాను. తర్వాతి వాక్యం గుర్తు రాలేదు. పీరియడ్ అయ్యేదాకా లెక్కలు చేయించాను.

నువ్వు రాయకుండా ఆపిన సంగతి ఏమిటి? రాయి.

నర్సింగ్


కోరుట్ల
నవంబర్ 26

నర్సింగ్,

నీ ఉత్తరం స్టాఫ్‌రూంలో విప్పాను. ఆ రెండు మాటల దగ్గరికి వచ్చేసరికి లేచి వరండాలోకి పోవాల్సి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సరే, రాస్తాను. నన్ను తిట్టకు.

భాభీ పేజీలలో తప్పు జవాబు నొక్కగానే ముందుగా వచ్చేది ఆమె రాసిన మాట కాదు. ఒక బొమ్మ వస్తుంది. కళ్లజోడు, గుబురు మీసం, చేతిలో సుద్దముక్క. చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని ఉంటాడు. వేలు చూపించి అంటాడు: "తప్పు. కూర్చో."

మనం బీఎడ్‌లో ఉన్నప్పుడు మన బ్యాచ్ మొత్తం నిన్ను అనుకరించిన మాట అది. గుర్తుందా? లేకపోవచ్చు. అనుకరించింది నీ వెనుక.

ఆ బొమ్మ కింద ఒకే ఒక బటన్ ఉంటుంది. దాని మీద "కూర్చోను" అని రాసి ఉంటుంది. అది నొక్కితేనే భాభీ మాట తెరుచుకుంటుంది. మా పిల్లలు ఆ బటన్ నొక్కేటప్పుడు చూడాలి నువ్వు. వేలితో కాదు, పిడికిలితో నొక్కుతారు. మౌసులు రెండు పగిలాయి.

ఆ మీసాలాయన ఎవరో వాళ్లకు తెలియదు. నేను చెప్పలేదు. నువ్వు నొచ్చుకుంటావని ఇన్నాళ్లూ నీకూ చెప్పలేదు. ఆమె దాన్ని నీ మీద కోపంతో గీసిందని మాత్రం అనుకోకు. నాకు మొదటిసారి చూపించిన రోజు ఎంత నవ్విందో నేను చూశాను. "ఈయనను దాటుకొని వచ్చే పిల్ల ఇక దేనికీ భయపడదు" అన్నది.

ఒక లోటు కూడా ఉంది. విద్యుత్తు పాఠంలో బొమ్మలున్నాయి, ప్రశ్నలున్నాయి, తప్పులున్నాయి. మీసాలాయన వస్తాడు, కూర్చో అంటాడు. "కూర్చోను" నొక్కితే తెల్ల పేజీ. ఏమీ లేదు. భాభీ అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. పిల్లలు ఆ పాఠంలో నొక్కడం మానేశారు.

ఇరవై నాలుగు రోజులున్నాయి.

ఫక్రు


జగిత్యాల
డిసెంబర్ 7, ఆదివారం

ఫక్రు,

నీతో అబద్ధమాడాను. ఫోన్ ఉంది. పనిచేస్తుంది.

పదకొండో రోజు మా వదిన అడిగితే చెడిపోయిందని చెప్పి బీరువాలో పెట్టాను. తర్వాత సిరిసిల్లకు తెచ్చుకున్నాను. పదకొండు నెలలుగా రీచార్జి చేయిస్తున్నాను. ఛార్జింగ్ పెడుతున్నాను. ఎందుకని అడగకు. ఆ ప్రశ్నకు సరైన జవాబు నా దగ్గర లేదు.

నిన్న సాయంత్రం ఇక్కడికి వచ్చాను. ఈ పొద్దున ఇల్లు ఊడ్చాను. ల్యాప్‌టాప్ మీది దుమ్ము తుడిచి, ఛార్జింగ్ పెట్టి, యాస్మీన్ టీచర్ చెప్పినట్టే చేశాను. పక్కనే ఉన్న ఫోన్ మోగింది. ఆరు అంకెలు. వాటిని కొట్టాను. తెరుచుకుంది. పసుపు పట్టీ పోయింది. మొత్తం నాలుగు నిమిషాల పని. నేను నెల రోజులు వాయిదా వేసింది ఈ నాలుగు నిమిషాలను.

పేజీలు పోవు. ముందుగా అది పిల్లలకు చెప్పు.

తర్వాత కాంతి పాఠం తెరిచి, కావాలనే తప్పు నొక్కాను. ఆయన వచ్చాడు. మీసం కొంచెం ఎక్కువ పెట్టింది. మిగతాదంతా సరిగ్గానే ఉంది. నేను కుర్చీలో వెనక్కి వాలి నవ్వాను. గట్టిగానే నవ్వినట్టున్నాను. పక్కింటి లక్ష్మవ్వ గోడ మీదుగా తొంగి చూసి, "అచ్చినవా సారూ? ఒక్కనివే నవ్వుతున్నవేంది?" అన్నది. "ఏం లేదవ్వా, నా ఫొటో చూసుకున్న" అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు.

సాయంత్రం దాకా పేజీలన్నీ చదివాను. ముప్పై ఏళ్లు ఒకే పాఠం చెప్పినవాణ్ణి. ఈ తప్పులన్నీ నేనూ దిద్దాను. అడ్డంగా గీత గీసి, సున్నా వేసి, పక్కన పెట్టాను. ఆమె వాటిని దాచుకుంది.

విద్యుత్తు పాఠం దగ్గర, పిల్లలకు కనిపించని చోట, తన కోసం ఒక మాట రాసుకుంది. అది ఇట్లా ఉంది: "ఇవి పుస్తకంలోంచి నేను ఊహించిన తప్పులు. అసలువి కావాలి. సిరిసిల్ల పిల్లలకు మోటార్లు తెలుసు. ఈయనను మళ్లీ అడగాలి."

మళ్లీ అని రాసింది. అంటే ముందే అడిగింది. నాకు గుర్తుంది. పోయిన డిసెంబర్‌లో, భోజనాల దగ్గర. "కరెంటు పాఠంల మీ పిల్లలు ఏం తప్పులు చెప్తరండీ?" అని. నేను తల ఎత్తకుండానే, "మా బడిలో తప్పులు చెప్పరు" అన్నాను. ఆమె చారు వడ్డించింది.

తప్పులు చెప్పరు, నిజమే. ఏమీ చెప్పరు కాబట్టి.

ఆఖరి నెల ఆమె ఈ తెర ముందే ఎక్కువ కూర్చుంది. నాతో మాట్లాడవలసిన మాటలు దీనికి ఖర్చు పెట్టిందని ఇన్నాళ్లూ దీని మీద కోపం పెట్టుకున్నాను. ఆమె మాటలు ఖర్చు కాలేదు. ఇక్కడ ఉన్నాయి.

కొత్త పాస్‌వర్డ్ వేరే కాగితంలో పెట్టాను. నీ నంబరు, యాస్మీన్ టీచర్ నంబరు కూడా ఖాతాకు కలిపాను. ఇకమీదట కోడ్ ఎవరికైనా వస్తుంది.

నర్సింగ్


కోరుట్ల
డిసెంబర్ 13

ఒరేయ్ అబద్ధాలకోరు,

నీ ఉత్తరం నా చేతికి వచ్చేలోపే పిల్లలు నా గదికి పరుగెత్తుకొచ్చారు. "సార్, పట్టీ పోయింది, పట్టీ పోయింది!" అని. అందరూ ఎగిరారు. మెహ్రీన్ మాత్రం మొహం ముడుచుకుంది. మూడు నోటుపుస్తకాలు నింపింది పాపం. "గీ ముచ్చట నెల ముందు చెప్తే మా వేళ్లన్న మిగులుతుండె సార్" అన్నది. నీ తరఫున నేను తిట్లు తిన్నాను. బాకీ ఉన్నావు.

ఆ రోజు ఇంటికి పోయి పడుకున్నాక తెలిసింది, ఇన్ని రోజులు సరిగ్గా నిద్రపోలేదని.

ఇక ఫోన్ సంగతి. నీ అబద్ధం నీ మొదటి ఉత్తరంలోనే దొరికిపోయింది. మా బడి వాట్సాప్ గ్రూపులో నేను ఏ సర్క్యులర్ పెట్టినా, ఎవరెవరు చదివారో చూస్తాను. మా టీచర్లలో సగం మంది చదవరు. భాభీ నంబరు మాత్రం ప్రతిసారీ చదివినట్టు చూపిస్తుంది. ఎండాకాలం సెలవుల్లో కూడా. మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క పెట్టినా చదివింది. మొదటిసారి చూసినప్పుడు ఫోన్‌ను బల్ల మీద బోర్లించాను. తర్వాత అర్థమైంది, చదివేది ఎవరో. ఆ నంబరును గ్రూపులోంచి తీసేద్దామని ఒకరిద్దరు అన్నారు. నేను వద్దన్నాను. ఉండనీ, ఒకరైనా నా సర్క్యులర్లు శ్రద్ధగా చదువుతున్నారు అన్నాను.

అబద్ధమని తెలిసీ ఎందుకు అడగలేదంటావా? నువ్వే చెప్పాలి గానీ, నేను గుంజుకుంటే ఎట్లా?

పాస్‌వర్డ్ కొట్టి చూశాను. మూడుసార్లు తప్పు కొడితే గంటసేపు తలుపు మూసేసింది. యాస్మీన్ పగలబడి నవ్వింది. ఇక ఆ పని ఆమెదే.

విద్యుత్తు పాఠం ఖాళీగా ఉంది, నర్సింగ్. అది నేను నింపలేను. యాస్మీన్ నింపలేదు. మిగిలింది ఎవరో నీకు తెలుసు. భాభీ ఎవరిని అడగాలని రాసుకుందో కూడా నీకే తెలుసు.

ఫక్రు


సిరిసిల్ల
జనవరి 19

ఫక్రు,

ఆలస్యమైంది. పని ఉంది.

మా పిల్లలు నా ముందు తప్పు చెప్పరని తేలింది కదా. అందుకని బల్ల మీద ఖాళీ సుద్దముక్కల డబ్బా పెట్టాను. కరెంటు గురించి మీరు అనుకునేది ఏదైనా చీటీ రాసి వేయండి, పేరు వద్దు అన్నాను. మొదటి రోజు మూడు చీటీలు వచ్చాయి. మూడింటిలోనూ ఓం నియమం అక్షరం పొల్లు పోకుండా ఉంది. రెండో రోజు ఏమీ లేదు. మూడో రోజు డబ్బా దగ్గర నుంచొని నేనే ఒక చీటీ చదివాను. పదో తరగతిలో నేను కరెంటు గురించి ఏమనుకునేవాణ్ణో అందులో రాశాను. వైరు వంకరగా ఉంటే కరెంటు మూలమలుపు దగ్గర ఆగుతుందని అనుకునేవాణ్ణి. రెండు నిమిషాలు ఎవరూ నవ్వలేదు. తర్వాత వాళ్ల నవ్వు నేను ఆపలేకపోయాను.

మరునాడు డబ్బాలో ముప్పై నాలుగు చీటీలు.

ప్రణీతను అడిగి, వాళ్ల నాన్న పనిచేసే షెడ్డుకు పోయాను. ఆయన పేరు జలపతి. నన్ను చూడగానే సాంచ ఆపి వచ్చాడు. "ఏంది సారూ, మా బిడ్డ ఏమన్న గడ్‌బడ్ చేసిందా?" అన్నాడు. "లేదు. ఆమె చూసిందేమిటో నేను చూద్దామని వచ్చిన" అన్నాను. నవ్వి, చివరి సాంచ దగ్గరికి తీసుకుపోయాడు. "ఇరవై ఏండ్ల సంది గిట్లనే సతాయిస్తది. ముందటియి బంద్ చేస్తే మంచిగ నడుస్తది. గందుకే దీన్ని చిన్నకోడలు అంటం సారూ. అందరు తిన్నంక మిగిలిందే తింటది" అన్నాడు.

మీటరు పట్టుకుపోయాను. మొదటి సాంచ దగ్గర 226 వోల్టులు. చివరి దాని దగ్గర 198. షెడ్డు పొడుగునా ఒకే సన్నని పాత వైరు. ముందున్న సాంచలు కరెంటును తినడం లేదు. అన్నీ నడిచేటప్పుడు ఆ వైరే దారిలో వోల్టేజిని తగ్గిస్తోంది. ప్రణీత చెప్పిన కారణం తప్పు. చూసింది మాత్రం నిజం. నేను చూడకుండానే కూర్చోమన్నాను.

తరగతిలో ఆ సంగతి చెప్పాను. "ఆ రోజు నీ మాట సగం సరైనది. నేను వినలేదు" అన్నాను. ప్రణీత, "పర్వాలేదు సార్" అన్నది. పెద్దమనిషి తరహాలో అన్నది. సాగర్ మళ్లీ నా ఆరోగ్యం అడగబోయి ఆగిపోయాడు.

విద్యుత్తు పాఠంలో చంద్రకళ ఊహించిన తప్పులు తొమ్మిది ఉన్నాయి. మా పిల్లల చీటీల్లోంచి ఆరు కలిపాను. పదిహేనింటికీ జవాబులు రాశాను. ఒక్కోదానికి ఒక్కో సాయంత్రం పట్టింది. సరైన జవాబు రాయడం ఒక నిమిషం. తప్పుకు జవాబు రాయాలంటే అది చెప్పిన పిల్ల పక్కన కాసేపు ఉండాలి. నాకు అది అలవాటు లేదు.

ఆదివారాలు జగిత్యాలలోనే ఉంటున్నాను. ఇల్లు తెరిచే ఉంటుంది.

పిల్లలు జవాబు ఎంచుకోవడమే కాకుండా సొంత మాట రాసుకునే గడి కూడా చివర్లో ఒకటి పెట్టమని యాస్మీన్ టీచర్ చెప్పింది. పెట్టాను. నిన్న అన్నీ ఎక్కించాను. మీసాలాయన బొమ్మను మార్చలేదు.

మీ పిల్లలు ఏమంటారో రాయి. ఏమీ దాచకుండా రాయి.

నర్సింగ్


కోరుట్ల
ఫిబ్రవరి 3

నర్సింగ్,

దాచకుండా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

ముందు మేమేమీ చెప్పలేదు. విద్యుత్తు పాఠం తెరవండి అన్నాం, అంతే. ఒకరు నొక్కారు. మీసాలాయన వచ్చాడు. పిడికిలి పడింది. ఇన్ని రోజులు తెల్లగా ఉన్న చోట మాటలు వచ్చాయి. తొమ్మిది కంప్యూటర్ల దగ్గరా తలలు దగ్గరికి చేరాయి.

మెహ్రీన్ మొత్తం చదివి నా వైపు తిరిగింది. "సార్, గిది మేడం రాసింది కాదు."

"ఎట్ల తెలుసు?"

"మేడం గింత తక్కువ మాట్లాడదు సార్. గీయన ఎవరో గని, మాటకు పైసలు పెట్టి కొనుక్కున్నట్టు రాసిండు."

యాస్మీన్ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"మంచిగ లేదా మరి?" అన్నాను.

"మంచిగ లేదని నేనన్ననా? సమజైతున్నది. చిన్నకోడలు సాంచ ముచ్చట మస్తుంది. గని మేడమైతే నడుమల ఒక్క జోక్ అన్న ఏస్తుండె."

ఇది నీకు వచ్చిన సర్టిఫికెట్. ఫ్రేము కట్టించుకో. ఆ రోజు పదిహేను తప్పులూ తిరగేశారు. వారంలో పెట్టిన స్లిప్ టెస్టులో బల్బుల ప్రశ్నకు నలభై ఒక్క మందిలో ముప్పై ఎనిమిది మంది సరిగ్గా రాశారు. నీ నోట్సు ఒక్కటే ఇచ్చినప్పుడు తొమ్మిది మంది. ఈ లెక్క నిన్ను గుచ్చడానికి రాయడం లేదు. సరే, కొంచెం గుచ్చడానికే.

నా గుండె మీది బరువు దిగిపోయింది. మార్చి అంటే ఇప్పుడు భయం లేదు.

ఒకే ఒక్కటి మిగిలింది. నువ్వు పెట్టిన ఆ చివరి గడిలో మెహ్రీన్ రాసింది: "రెండు బల్బులుంటే కరెంటు తక్కువ పోతది, ఒక్కటుంటే ఎక్కువ పోతది అన్నరు. బ్యాటరీ కాడ బయలెల్లిన కరెంటుకు, ముందట రెండో బల్బు ఉన్నదని ముందుగాల ఎట్ల ఎరుక? అది చూసి రాలే కద?"

ఆ గడికి జవాబు ఎవరు రాయాలో మాకు తెలియదు. ఆ పిల్ల రోజూ వచ్చి చూసుకుంటున్నది, "గీయన ఇంక ఏం రాయలేదా సార్?" అని.

ఫక్రు


సిరిసిల్ల
ఫిబ్రవరి 9

ఫక్రు,

మెహ్రీన్ ప్రశ్న ఐదు రోజులుగా నా దగ్గరే ఉంది. పాఠ్యపుస్తకంలో జవాబు లేదు. నా డిగ్రీ పుస్తకాల్లో ఉంది, కానీ అది సమీకరణాల్లో ఉంది. చదివితే సరైనదే. పదిహేనేళ్ల పిల్లకు చెప్పబోతే నోటిలోంచి రావడం లేదు. అంటే నాకు నిజంగా తెలియదని అర్థం. ముప్పై ఏళ్లలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడగనివ్వలేదు.

చంద్రకళకు తెలిసి ఉండేదా అని ఆలోచించాను. తెలిసి ఉండకపోవచ్చు. కానీ ఆమె ఆ పిల్లతో కలిసి వెతికేది.

ఇది గడిలో రాసి పంపే జవాబు కాదు. ఈ రెండో శనివారం మాకు సెలవు. మీ పదో తరగతికి స్పెషల్ క్లాసులు ఉంటాయని తెలుసు. పొద్దున్నే బయలుదేరి జగిత్యాల మీదుగా వస్తాను. క్లాసు ఆమె తరగతి గదిలోనే పెట్టు. ఆ గదిలోకి ఎట్లా వస్తానా అని ఇన్నాళ్లూ భయపడ్డాను. ఇప్పుడు ప్రశ్న గురించి ఆలోచిస్తుంటే గది గురించి ఆలోచించడానికి తీరిక దొరకడం లేదు. హాయిగా ఉంది.

రెండు బల్బులు, బ్యాటరీ, పొడవాటి వైరు తీసి ఉంచు. వాటితో ఏం చేయాలో ఆ పిల్లే చెప్పాలి.

ఒక సాయం చెయ్యి. ఆ జవాబు నాకు తెలియదని మెహ్రీన్‌కు నువ్వే ముందుగా చెప్పు. నన్ను, ఈ మీసాన్నీ చూశాక నేను చెబితే నమ్మదు.

నర్సింగ్